బస్సులకు, లారీలకు ఫాస్ట్ ఛార్జింగ్ కేంద్రం: ప్రభుత్వ రాయితీ ఎలా పొందాలి?

"హైవే పక్కన అరెకరం స్థలం ఉంది. ఎలక్ట్రిక్ బస్సులకు, లారీలకు ఛార్జింగ్ కేంద్రం పెడదామనుకుంటున్నాను. కేంద్రం ఎనభై శాతం ఇస్తుందట కదా, దరఖాస్తు ఎక్కడ పెట్టాలి?" పెట్రోలు బంకు యజమానులు, ఢాబా నడిపేవారు, ప్రైవేటు బస్సుల ట్రావెల్స్ వారు, లారీల యజమానులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పడం కన్నా మొత్తం ఒకచోట రాయడం మేలనిపించింది.

ముందుగా ఒక మాట. ఎనభై శాతం నిజమే. కానీ అది యంత్రం ధరలో ఎనభై శాతం కాదు. పైగా దాని కోసం మీరు నేరుగా ఢిల్లీకి దరఖాస్తు పెట్టలేరు. ఈ రెండూ తెలియక ముందుగా ఛార్జర్లు కొనేసి, వాటిని గోనెపట్టాలు కప్పి ఉంచుకున్నవారిని నేను చూశాను. అందుకే యంత్రం కొనుగోలును ఈ వ్యాసంలో ఐదో అడుగుకు జరిపాను. మీరూ ఆ వరుసలోనే వెళ్లండి.

పథకం గురించి తెలియాల్సినంత

పథకం పేరు పీఎం ఈ-డ్రైవ్. కేంద్ర భారీ పరిశ్రమల శాఖ నడుపుతోంది. 2024 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. మొత్తం కేటాయింపు 10,900 కోట్ల రూపాయలు, అందులో ప్రజా ఛార్జింగ్ కేంద్రాలకు 2,000 కోట్లు. మొదటి ప్రణాళికలో ఎలక్ట్రిక్ బస్సుల కోసమే 1,800 ఫాస్ట్ ఛార్జర్లు అనుకున్నారు. గడువును 2028 మార్చి 31 వరకు పొడిగించారు. అయితే నిధులు అయిపోతే పథకం అంతకు ముందే ముగుస్తుంది, కాబట్టి గడువు దూరంగా ఉందని కూర్చోవద్దు. ఛార్జింగ్ కేంద్రాలకు సంబంధించిన మార్గదర్శకాలు 2025 సెప్టెంబరు చివరలో వచ్చాయి. కింద చెప్పే శాతాలు వాటిలోవే.

ఖర్చును ఆ మార్గదర్శకాలు రెండు ముక్కలుగా చూస్తాయి. ఒకటి కరెంటు ఛార్జర్ దాకా రావడానికి అయ్యే ఖర్చు: ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టీ (అధిక వోల్టేజీ), ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) కేబుళ్లు, బ్రేకర్లు, పంపిణీ పెట్టెలు, పునాదులు, కంచె వంటివి. దీన్ని ఇక్కడ 'లైను ఖర్చు' అంటాను. రెండోది ఛార్జర్ ఖర్చు. కారు ఛార్జర్ పెట్టేవారికి ఈ విభజన పెద్దగా పట్టకపోవచ్చు. బస్సులు, లారీల విషయంలో మాత్రం లైను ఖర్చే మెడమీద కూర్చుంటుంది, రాయితీ ఎక్కువగా వచ్చేదీ దానికే.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- స్థలం పత్రాలు. లీజు స్థలమైతే రిజిస్టరైన లీజు దస్తావేజు. వ్యవసాయ భూమి అయితే వ్యవసాయేతర వినియోగానికి సంబంధించిన పత్రం.
- కొలతలతో స్థలం నక్ష. రోడ్డు నుంచి లోపలికి వచ్చే దారి, బయటికి వెళ్లే దారి అందులో కనిపించాలి.
- దగ్గరలోని 11 కేవీ (11 వేల వోల్టుల) లైను పేరు, అది వచ్చే సబ్‌స్టేషన్, మీ స్థలం నుంచి దూరం.
- జాతీయ రహదారి పక్కనైతే ప్రవేశ మార్గానికి రహదారి అధికారుల అనుమతి.
- సంస్థ నమోదు పత్రం, పాన్, జీఎస్టీ నంబరు, మూడేళ్ల ఆదాయ వ్యయ లెక్కలు. టెండరులో పాల్గొంటే ఇవి తప్పనిసరిగా అడుగుతారు.
- మీ దగ్గర ఛార్జింగ్ చేసుకుంటామని బస్సుల లేదా లారీల యజమానులు ఇచ్చే లేఖలు. నియమాల్లో ఇది లేదు, కానీ బ్యాంకు ముందు కూర్చున్నప్పుడు మొదట పనికొచ్చేది ఇదే.

1. ముందు స్థలం ఏ వర్గంలోకి వస్తుందో తేల్చుకోండి

రాయితీ శాతాన్ని తేల్చేది మీ స్థలమే. వర్గాలు ఇవి:

మొదటిది ప్రభుత్వ ఆవరణలు: కార్యాలయాలు, నివాస సముదాయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు. ఇక్కడ లైను ఖర్చుకు, ఛార్జర్‌కు కూడా 100 శాతం. షరతు ఏమిటంటే ఎవరైనా వచ్చి వాడుకునేలా ప్రవేశం ఉచితంగా ఉండాలి. ప్రవేశం ఉచితమంటే కరెంటు ఉచితమని కాదు. ఈ వాక్యాన్ని పొరపాటుగా చదివి వెనక్కు తగ్గిన అధికారులూ ఉన్నారు.

రెండోది ప్రభుత్వ రంగం చేతిలో ఉండి, రద్దీ ఎక్కువగా ఉండే చోట్లు: రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు, బస్ స్టేషన్లు, మెట్రో స్టేషన్లు, ఓడరేవులు, మున్సిపల్ పార్కింగ్ స్థలాలు, ప్రభుత్వ చమురు సంస్థల పెట్రోలు బంకులు, హైవేల మీది టోల్ ప్లాజాలు, విశ్రాంతి కేంద్రాలు. లైను ఖర్చుకు 80 శాతం, ఛార్జర్‌కు 70 శాతం. బస్సులకు, లారీలకు అసలైన వర్గం ఇదే.

మూడోది మిగిలిన చోట్లు: వీధులు, మాల్స్, మార్కెట్ సముదాయాలు వంటివి. లైను ఖర్చుకు 80 శాతం, ఛార్జర్‌కు ఏమీ రాదు. సొంత స్థలం ఉన్నవారు ఎక్కువగా ఇక్కడికే వస్తారు.

బ్యాటరీ మార్పిడి కేంద్రాలది వేరే వర్గం. అక్కడ కూడా లైను ఖర్చుకు 80 శాతం.

*హెచ్చరిక:* ఈ శాతాలు మీకైన ఖర్చు మీద కాదు, ప్రభుత్వం సామర్థ్యాన్ని బట్టి నిర్ణయించిన ప్రామాణిక ఖర్చు మీద లెక్కిస్తారు. మీ లైను ఖర్చు 30 లక్షలు అయిందని, మీ సామర్థ్యానికి ప్రామాణిక ఖర్చు 24 లక్షలని అనుకుందాం. వచ్చేది 24 లక్షలలో 80 శాతం, అంటే 19 లక్షల 20 వేలు. 30 లక్షలలో 80 శాతమని మీరు లెక్క వేసుకున్న 24 లక్షలు కాదు. 4 లక్షల 80 వేల తేడా. సబ్‌స్టేషన్ దూరమయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

2. ఏ బండి వస్తుంది, ఎంత సేపు ఆగుతుందో రాసుకోండి

వారం రోజులు రోడ్డు పక్కన కూర్చుని లెక్క తీయండి. ఎన్ని బస్సులు ఆగుతున్నాయి, ఏ గంటల్లో, ఎన్ని నిమిషాలు? ఎలక్ట్రిక్‌వే కాదు, అన్నింటినీ రాయండి. ఈ రోజు డీజిల్‌తో ఆగే చోటే రేపు ఎలక్ట్రిక్ బస్సూ ఆగుతుంది, డ్రైవరుకు భోజనం దొరికే చోటు కాబట్టి.

హైదరాబాద్–విజయవాడ దారిని తీసుకోండి. 2023 మే నెలలోనే తెలంగాణ ఆర్టీసీ ఈ దారిలో ఈ-గరుడ ఎలక్ట్రిక్ బస్సులు మొదలుపెట్టింది. ప్రైవేటు ఎలక్ట్రిక్ బస్సులూ తిరుగుతున్నాయి. దూరం సుమారు 275 కిలోమీటర్లు, మధ్యలో సూర్యాపేట. పన్నెండు మీటర్ల ఏసీ బస్సు కిలోమీటరుకు 1.2 యూనిట్లు తింటుందని లెక్క వేసుకుంటే ఒకవైపు ప్రయాణానికి 330 యూనిట్లు కావాలి. సూర్యాపేట దగ్గర అరగంట ఆగితే 240 కిలోవాట్ల ఛార్జర్ లెక్కప్రకారం 120 యూనిట్లు ఇవ్వాలి. గన్ (బండికి పెట్టే ఛార్జింగ్ ప్లగ్గు) తగిలించడం, బండికీ యంత్రానికీ మాట కలవడం, చివర్లో వేగం తగ్గడం తీసేస్తే 90 నుంచి 100 యూనిట్లు వస్తాయనుకోండి. అంటే దాదాపు 80 కిలోమీటర్ల ప్రయాణం. ఆ బస్సుకు అంతే చాలు, గమ్యంలో పూర్తిగా నింపుకుంటుంది.

ఇదే చోట 60 కిలోవాట్ల ఛార్జర్ పెడితే అరగంటలో పాతిక యూనిట్లు. ఇరవై కిలోమీటర్లు. ఏ బస్సూ ఆగదు. బస్సులకని చెప్పి కార్ల ఛార్జర్లు పెట్టిన కేంద్రాలు ఖాళీగా ఉండడానికి కారణం ఇదే.

లారీల తీరు వేరు. హైవే మీద తిరిగేవాటి కన్నా ఓడరేవు నుంచి గోదాముకు, గని నుంచి ఫ్యాక్టరీకి, సిమెంటు కర్మాగారం నుంచి రైల్వే గూడ్స్ షెడ్డుకు తిరిగేవే ముందుగా ఎలక్ట్రిక్‌కు మారతాయి. పీఎం ఈ-డ్రైవ్‌లోనే ఎలక్ట్రిక్ లారీల కొనుగోలుకు 2025 జులైలో మార్గదర్శకాలు వచ్చాయి. గరిష్ఠంగా ఒక్కో బండికి 9 లక్షల 60 వేల రూపాయలు, సుమారు 5,600 లారీలకు. పాత లారీని తుక్కు చేసినట్లు ధ్రువపత్రం చూపాలి. మీ చుట్టుపక్కల ఎవరైనా అలా కొంటున్నారేమో ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో అడగండి. ఒకే యజమాని దగ్గర ఇరవై లారీలు ఉండి, అవి రోజూ మీ ముందు నుంచే వెళ్తుంటే మీ కేంద్రం సగం నిలబడినట్లే.

3. ఛార్జర్ కన్నా ముందు కరెంటు

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది, ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఈ అడుగు. కొంచెం వివరంగా చెబుతాను.

ముందు లోడ్ లెక్క. 240 కిలోవాట్ల ఛార్జర్లు రెండు అంటే 480. ఛార్జర్ తనలో కొంత నష్టపోతుంది, సామర్థ్యం 95 శాతం అనుకుంటే లైను నుంచి 505 కిలోవాట్లు లాగుతుంది. పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.95 అయితే 532 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని కొలిచే లెక్క ఇది). అంటే 630 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 11 కేవీ హెచ్‌టీ సర్వీసు. వీధిలో మీ ఇంటి ముందున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీసుకునేది కాదు.

*ప్రత్యామ్నాయం:* రెండు గన్‌లకూ ఒకేసారి పూర్తి శక్తి అక్కరలేదనుకుంటే, ఉన్న శక్తిని రెండు బండ్లకు పంచే ఏర్పాటుతో 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద మొదలుపెట్టవచ్చు. అప్పుడు రెండింటికీ కలిపి సుమారు 280 కిలోవాట్లకు మించి రాదు. మొదటి ఏడాదికి చాలామందికి ఇది సరిపోతుంది. అయితే పునాది, కేబుల్ కాలువ, ప్యానెల్ గది పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిపడా కట్టండి. తర్వాత కాంక్రీటు పగలగొట్టడం దండగ.

లెక్క చేతికి వచ్చాక డిస్కంలో, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలో, సాధ్యాసాధ్యాలు అడగండి. తెలంగాణలో దక్షిణ, ఉత్తర డిస్కంలు, ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు, మధ్య, దక్షిణ డిస్కంలు ఉన్నాయి. మీ పరిధి ఏదో చూసుకుని డివిజన్ ఇంజినీరును స్వయంగా కలవండి. అడగాల్సిన ప్రశ్నలు మూడే: మీ దగ్గరి ఫీడరులో (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైనులో) ఇంత లోడ్‌కు చోటు ఉందా? లేకపోతే కొత్త లైను ఎక్కడి నుంచి వేయాలి? ఆ లైను రోడ్డు దాటాలా? మూడో ప్రశ్నను చిన్నదిగా చూడకండి. జాతీయ రహదారి కింద కేబుల్ దాటించాలంటే రహదారి అధికారుల అనుమతి వేరుగా కావాలి. దాని కోసం నెలలు ఎదురుచూసినవారు ఉన్నారు. వీలైతే 11 కేవీ లైను ఉన్న వైపు స్థలాన్నే ఎంచుకోండి.

కేంద్రం 2024లో మార్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం కొత్త కనెక్షన్‌ను మెట్రో నగరాల్లో 3 రోజుల్లో, ఇతర మున్సిపల్ ప్రాంతాల్లో 7 రోజుల్లో, గ్రామాల్లో 15 రోజుల్లో ఇవ్వాలి. కొత్త లైను, సబ్‌స్టేషన్ పని అవసరం లేనప్పుడే ఈ గడువులు వర్తిస్తాయి. మీ లోడ్‌కు ఆ పని తప్పకపోవచ్చు. పదిహేను రోజుల్లో కరెంటు వస్తుందని బ్యాంకుకు రాసి ఇవ్వకండి.

కరెంటు ధర సంగతి. 2024 సెప్టెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఛార్జింగ్ కేంద్రాలకు 2028 మార్చి వరకు ఒకే భాగంగా ఉండే టారిఫ్ (విడిగా స్థిర ఛార్జీ లేకుండా యూనిట్‌కు మాత్రమే ధర) వర్తించాలి. పగలు 9 నుంచి 4 వరకు సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 రెట్లు అని అందులో ఉంది. మీ బిల్లు మాత్రం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ ఉత్తర్వు ప్రకారమే వస్తుంది. ఈ ఏడాది ఉత్తర్వులో విద్యుత్ వాహనాల ఛార్జింగ్ విభాగాన్ని చదివి, డిమాండ్ ఛార్జీ (లోడ్‌ను బట్టి నెలనెలా కట్టేది) ఉందా లేదా చూడండి. సర్వీసు ఆ విభాగం కిందే ఇచ్చారో లేదో మొదటి బిల్లులోనే సరిచూసుకోండి. వాణిజ్య విభాగంలో పడితే లాభం అక్కడే ఆవిరవుతుంది.

4. దరఖాస్తు ఎవరి ద్వారా?

పీఎం ఈ-డ్రైవ్ కింద ప్రతిపాదన పంపగలిగేది కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, రాష్ట్ర ప్రభుత్వాలు, వాటి సంస్థలు. అవి తమ పరిధిలోని స్థలాలను జాబితా చేసి, ప్రత్యేక పోర్టల్ ద్వారా భారీ పరిశ్రమల శాఖకు పంపుతాయి. కేంద్రాలను పెట్టి నడపడానికి ప్రైవేటు నిర్వాహకులను ఎంచుకోవచ్చు. అంటే మీరు లోపలికి వెళ్లేది వాటి తలుపు గుండానే. ఏ తలుపు తట్టాలో మీరు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది.

మీరు ప్రభుత్వ చమురు సంస్థ డీలరు అయితే: మీ అమ్మకాల అధికారికి లిఖితపూర్వకంగా రాయండి. ఈ సంస్థలకు ఇది కొత్త కాదు. పీఎం ఈ-డ్రైవ్‌కు ముందున్న కేంద్ర పథకం ఫేమ్ రెండో దశలో 2023 మార్చిలో మూడు చమురు సంస్థలకు కలిపి 7,432 ఫాస్ట్ ఛార్జింగ్ కేంద్రాలకు 800 కోట్లు మంజూరయ్యాయి. మీ బంకులో స్థలం, హెచ్‌టీ లైను దూరం, ఆగే బస్సుల లెక్క జతచేసి పంపితే జాబితాలో మీ బంకు పైకి వస్తుంది. ఉత్త కోరిక లేఖ ఫైలులోనే ఉండిపోతుంది.

మీరు ఛార్జింగ్ కేంద్రం నడపాలనుకునే సంస్థ అయితే: రాష్ట్ర నోడల్ సంస్థలు (ఛార్జింగ్ కేంద్రాల పని చూసే రాష్ట్ర సంస్థలు), మున్సిపల్ కార్పొరేషన్లు, ఆర్టీసీలు, రహదారి సంస్థ వేసే టెండర్లు చూడండి. ప్రభుత్వ స్థలాన్ని యూనిట్‌కు రూపాయి చొప్పున ఆదాయ వాటాతో ఇచ్చే పద్ధతి విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది. ప్రైవేటు వారికి ఆ రూపాయి కనీస ధరగా వేలం పెడతారు. స్థలం కొనే డబ్బు మిగులుతుంది, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మీది సొంత స్థలమైతే: రాష్ట్ర నోడల్ సంస్థను కలవండి. తెలంగాణలో పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ, అంటే రెడ్కో. ఆంధ్రప్రదేశ్‌లో నూతన, పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ, అంటే నెడ్‌క్యాప్. మీ స్థలాన్ని వారి ప్రతిపాదనలో చేర్చే వీలుందా, రాష్ట్ర విధానం కింద విడిగా ఏమి వస్తుంది అని రెండూ అడగండి. తెలంగాణ విధానం 2020 నుంచి 2030 వరకు, ఆంధ్రప్రదేశ్ విధానం 2024 నుంచి 2029 వరకు. రాయితీ ఏ ఉత్తర్వు కింద వస్తుందో దాని నంబరు, తేదీ రాసి తెచ్చుకోండి. నోటి మాట మీద ఒక్క రూపాయి ఖర్చు చేయకండి.

ఆర్టీసీ డిపోల వారికి ఒక మాట. బయటి బండ్లను రానివ్వని డిపోను ప్రజా ఛార్జింగ్ కేంద్రంగా చూపకండి. డిపో లోపలి విద్యుత్ ఏర్పాట్లకు పీఎం ఈ-బస్ సేవ అనే కేంద్ర పథకం వేరుగా ఉంది. పగలు డిపో ఖాళీగా ఉండే గంటల్లో ప్రహరీ వెంట రోడ్డు వైపు రెండు గన్‌లు బయటివారికి తెరిచే ఏర్పాటు ఆలోచించదగినది. హైదరాబాద్‌కే పీఎం ఈ-డ్రైవ్ కింద 2,000 బస్సులు కేటాయించారు. అంత లైను ఎలాగూ వేస్తారు, అందులో కొంత ప్రజల లారీలకూ పనికొస్తే ఎంత బాగుంటుంది!

*హెచ్చరిక:* "రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, రాయితీ మేం తెప్పిస్తాం" అని ఫోన్ చేసేవారికి డబ్బు పంపకండి. ఈ పథకంలో ప్రైవేటు వ్యక్తి పేరు మీద నేరుగా రాయితీ మంజూరు పత్రం రాదు. అలాంటి పత్రం చూపిస్తే అది నకిలీదే.

5. ఇప్పుడు ఛార్జర్

మంజూరు, డిస్కం ఎస్టిమేటు చేతికి వచ్చాకే ఆర్డరు ఇవ్వండి. చూడాల్సినవి:

- కనెక్టర్ (బండికి తగిలించే ప్లగ్గు) సీసీఎస్ 2 అనే రకం అయి ఉండాలి. ఐఎస్ 17017 అనే భారతీయ ప్రమాణం కింద పరీక్షించిన ధ్రువపత్రం ఆ మోడల్ పేరు మీదే ఉండాలి. అదే కంపెనీ వేరే మోడల్ పత్రం చూపిస్తే ఒప్పుకోవద్దు.
- వోల్టేజీ పరిధి. మీ దారిలో తిరిగే బస్సుల, లారీల బ్యాటరీ వోల్టేజీ ఎంతో తయారీదారు పత్రంలో చూసి, ఛార్జర్ పరిధి దానికన్నా పైన ఉండేలా తీసుకోండి. కార్లకు సరిపోయే పరిధి పెద్ద బండ్లకు చాలకపోవచ్చు.
- ఒక్క గన్‌కు వచ్చే గరిష్ఠ కరెంటు. పెట్టె మీద 240 అని రాసి ఉన్నా, అది రెండు గన్‌లకు చెరి 120గా విడిపోయేది కావచ్చు. కొన్ని బస్సులకు రెండు గన్‌లు ఒకేసారి తగిలించే వీలుంటుంది, కొన్నింటికి ఉండదు. అమ్మేవారిని "ఒక్క గన్‌తో ఒక్క బండికి ఎంత ఇస్తుంది?" అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.
- కేబుల్ పొడవు. బస్సుల్లో ఛార్జింగ్ రంధ్రం ఒక్కో మోడల్‌కు ఒక్కో చోట ఉంటుంది.
- ఓసీపీపీ, అంటే ఛార్జర్ నెట్‌వర్కు సర్వరుతో మాట్లాడే భాష. ఈ భాష రాని ఛార్జరును ఏ జాతీయ వేదికకూ కలపలేరు. కలపకపోతే రాయితీ చిక్కులో పడుతుంది.
- మన ఎండ. మే నెలలో మధ్యాహ్నం 45 డిగ్రీల్లో శక్తి ఎంత తగ్గిస్తుందో అడగండి. నీడ కట్టడం యంత్రానికీ మేలే, డ్రైవరుకూ మేలే.

జీఎస్టీ గుర్తుంచుకోండి. ఛార్జర్ మీద 5 శాతం, మీరు అమ్మే ఛార్జింగ్ సేవ మీద 18 శాతం. కొటేషన్‌లో పన్ను కలిపిన ధరను, పన్ను కలపని ధరను విడిగా రాయించుకోండి.

6. బండి తిరిగేలా స్థలం గీయండి

కారు వెనక్కు వచ్చి ఆగుతుంది. ట్రైలర్ అలా రాదు. పద్దెనిమిది మీటర్ల బండి ఒక వైపు నుంచి వచ్చి, ఛార్జింగ్ చేసుకుని, ముందుకే వెళ్లిపోవాలి. పెట్రోలు బంకులో పంపులు నిలబెట్టే గట్లు ఎలా ఉంటాయో అలా. నక్ష మీద సంతృప్తి పడకండి. సున్నంతో నేల మీద గీతలు గీసి, తెలిసిన డ్రైవరును పిలిచి, నిజమైన లారీని రెండుసార్లు తిప్పించండి. ఒక పూట పని. తర్వాత పడే ఎన్నో తిప్పలు అక్కడే బయటపడతాయి.

పైకప్పు ఎత్తు కనీసం ఐదు మీటర్లు ఉంచండి. కంటైనర్ లారీ నాలుగున్నర మీటర్ల దాకా ఉంటుంది. నేను చూసిన ఒక కేంద్రంలో యంత్రాలు మేలైనవి, లైను మేలైనది, కప్పు మాత్రం నాలుగు మీటర్లు. బస్సులు వస్తాయి, లారీలు గేటు దగ్గరే ఆగిపోతాయి. ఛార్జర్ ముందు ఇనుప గొట్టాలతో అడ్డు కట్టండి, లారీ బంపర్ తగిలితే లక్షల యంత్రం ఒక్క క్షణంలో వంగిపోతుంది. నీళ్లు నిలవని ఎత్తులో పునాది, రాత్రి వెలుతురు, మరుగుదొడ్డి, తాగునీళ్లు. నలభై నిమిషాలు ఆగే డ్రైవరు మనిషే కదా. ఆ సౌకర్యాలకు రాయితీ లేదు, అయినా పెట్టండి.

7. పని జరిగేటప్పుడే కాగితాలు

హెచ్‌టీ పనికి ముందే నక్షలను విద్యుత్ తనిఖీ అధికారి దగ్గర ఆమోదింపజేసుకోండి. పని అయ్యాక ఆయన తనిఖీ చేసి అనుమతి ఇస్తేనే డిస్కం లైను కలుపుతుంది. నక్షలో లేని బ్రేకర్ స్థలంలో ఉన్నా, నక్షలో ఉన్న ఎర్తింగ్ గొయ్యి స్థలంలో లేకపోయినా మళ్లీ మొదటికే.

రాయితీ కోసం ప్రతి బిల్లునూ రెండు ఫైళ్లుగా విడదీయండి: లైను ఖర్చు, ఛార్జర్ ఖర్చు. కాంట్రాక్టరు అన్నీ కలిపి ఒకే మొత్తానికి బిల్లు ఇస్తే ఏది దేని కిందకు వస్తుందో ఎవరూ తేల్చలేరు. బిల్లు మీద సామర్థ్యం, మోడల్, సీరియల్ నంబరు ఉండాలి. భూమిలో పూడ్చే ముందు కేబుల్, పూడ్చిన తర్వాత ఆ చోటు, రెండు ఫొటోలూ తేదీతో తీయండి. పూడ్చిన కేబుల్‌ను తర్వాత ఎవరికీ చూపించలేరు. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే చేయండి.

రాయితీ రెండు విడతల్లో వస్తుంది. రెండో విడత కేంద్రం నడవడంతో, షరతులు నెరవేరడంతో ముడిపడి ఉంది. కాబట్టి చేతిలో మొత్తం ఖర్చుకు డబ్బు లేదా బ్యాంకు రుణం సిద్ధంగా ఉండాలి. ఆ రుణం మీద కనీసం ఏడాది వడ్డీని మీ ఖర్చులో కలిపే లాభనష్టాలు చూడండి.

తరచుగా జరిగే తప్పులు

పైన సందర్భం వచ్చినచోట కొన్ని చెప్పాను. మిగిలినవి ఇవి. స్థలం లీజు ఐదేళ్లకే తీసుకోవడం: ట్రాన్స్‌ఫార్మర్ పాతిన చోటు నుంచి ఐదేళ్లకు లేచిపోవడం ఎవరికీ గిట్టదు, పదేళ్లకు తగ్గకుండా చూడండి. ఒకే ఛార్జర్ పెట్టడం: అది చెడిపోయిన రోజు బస్సు దారిలో చిక్కుకుంటుంది, ఆ సంస్థ మళ్లీ మీ దగ్గరకు రాదు. ఒక పెద్దదాని కన్నా రెండు మధ్యస్థమైనవి మేలు. ఒకే ఖర్చును కేంద్రం దగ్గర, రాష్ట్రం దగ్గర రెండు చోట్లా చూపడం: ఏ బిల్లును ఎక్కడ చూపారో నోడల్ సంస్థకు ముందే లిఖితపూర్వకంగా చెప్పండి, లేకపోతే తనిఖీలో వచ్చిన డబ్బు కూడా వెనక్కు ఇవ్వాల్సి వస్తుంది. మరమ్మతు ఒప్పందం లేకుండా కొనడం: పవర్ మాడ్యూల్ (ఛార్జర్ లోపల కరెంటును మార్చే భాగం) పోతే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడో, విడిభాగం ఏ ఊళ్లో ఉందో ఒప్పందంలో ఉండాలి.

పని సరిగ్గా జరిగిందని ఎలా తెలుసుకోవాలి?

ప్రారంభోత్సవం కన్నా ముందు ఈ పరీక్షలు చేయండి.

20 నుంచి 30 శాతం ఛార్జ్ ఉన్న బస్సును తెప్పించండి. 80 శాతం ఉన్న బండితో పరీక్షిస్తే ఏ యంత్రమైనా నెమ్మదిగానే కనిపిస్తుంది, బ్యాటరీ నిండే కొద్దీ అదే వేగం తగ్గించుకుంటుంది. పది నిమిషాల తర్వాత తెర మీద ఎన్ని కిలోవాట్లు వస్తున్నాయో రాయండి. అనుకున్నదానికన్నా తక్కువగా ఉంటే వెంటనే యంత్రాన్ని నిందించకండి. ఆ బండి అంతకన్నా తీసుకోలేకపోవచ్చు. ఇంకో మోడల్ బండితో మళ్లీ చూడండి. రెండింటిలోనూ తక్కువే వస్తే అప్పుడు అమ్మినవారిని పిలవండి.

తర్వాత రెండు గన్‌లూ ఒకేసారి గంటసేపు నడపండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉష్ణోగ్రత, ప్యానెల్‌లో కేబుల్ చివరలు చూడండి. వదులుగా బిగించిన చివర మొదటి గంటలోనే వేడెక్కి బయటపడుతుంది. ఈ పని అర్హత ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి, మీరు తలుపు తెరవకండి. అత్యవసర మీట నొక్కి, ఛార్జింగ్ వెంటనే ఆగుతుందో లేదో చూడండి.

మొదటి నెల చివర హెచ్‌టీ మీటరు యూనిట్లను, ఛార్జర్లు అమ్మిన యూనిట్లను పక్కపక్కన పెట్టండి. లైను నుంచి వందకు 92 నుంచి 95 యూనిట్లు బండ్లలోకి వెళ్తుంటే సరే. 90 కన్నా తగ్గితే దీపాలు, ఏసీలు అదే మీటరు మీద ఉన్నాయేమో, లేక నష్టం ఎక్కడో జరుగుతోందేమో వెతకాలి. ఈ ఒక్క లెక్క నెలనెలా చేస్తే దొంగతనం, లోపం రెండూ దాగవు.

మీ కేంద్రం పేరు, స్థలం, గన్‌ల సంఖ్య, సామర్థ్యం ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ నడిపే జాతీయ జాబితాలో సరిగ్గా ఉన్నాయో ఫోన్‌లో చూడండి. మ్యాపులో గుర్తు రోడ్డుకు అవతలి వైపు పడితే హైవే మీద బస్సు చాలా దూరం చుట్టి రావాలి. వేరే ఊరి డ్రైవరు ఒకరిని పిలిచి, ఎవరి సాయం లేకుండా కేంద్రాన్ని వెతుక్కుని, ఛార్జింగ్ చేసుకుని, డబ్బు కట్టి వెళ్లమనండి. ఆయన ఎక్కడ తడబడితే అక్కడ బోర్డు పెట్టండి, తెలుగులో, హిందీలో.

రెండో విడత కోసం పత్రాలు ఇచ్చే ముందు ఛార్జర్ మీద ఉన్న సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు, పోర్టల్‌లో నమోదైన నంబరు మూడూ ఒకటేనో కాదో అక్షరం అక్షరం సరిచూడండి. వారంటీలో యంత్రం మార్చి ఉంటే కొత్త నంబరుతో లేఖ తీసుకుని ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి.